కొలిచిన చేతిని వెతకండి: పదార్థ ధర్మాలపై పరిశోధన పత్రం రాసేవారికి

మీరు ఒక పదార్థం మీద పని చేస్తున్నారు. దాని దృఢత్వమో, విద్యుత్ నిరోధమో, కాఠిన్యమో కొలిచారు. ఇక పత్రం రాయాలి. రాయడానికి కూర్చోగానే మూడు ప్రశ్నలు వస్తాయి. మన విలువ పక్కన పెట్టి పోల్చడానికి ఇతరుల విలువ ఎక్కడి నుంచి తేవాలి? ఎవరి పత్రాన్ని ఉల్లేఖించాలి? పత్రం పైన ఎవరి పేర్లు, ఏ వరుసలో ఉండాలి?

చాలామంది వీటిని మూడు వేర్వేరు పనులుగా చూస్తారు. మొదటిది శాస్త్రం, రెండోది గుమాస్తా పని, మూడోది మర్యాదలకు సంబంధించిన విషయం అనుకుంటారు. నేను అలా అనుకోను. మూడింటి లోపల ఉన్నది ఒకే ప్రశ్న: ఈ అంకెను ఎవరు, ఎలా కొలిచారు, రేపు అది తప్పని తేలితే ఎవరు జవాబు చెబుతారు? ఈ ప్రశ్నను వదలకుండా పట్టుకుంటే మిగతా పనులన్నీ ఒక దారిలో పడతాయి. ఆ దారినే కింద అడుగులుగా రాస్తున్నాను.

మొదటి అడుగు: కొలత మొదలుపెట్టే రోజునే పేర్లు రాసుకోండి

పత్రం పూర్తయ్యాక రచయితల జాబితా తయారు చేయడం అలవాటుగా సాగుతున్న పొరపాటు. అప్పటికి ఏడాదో రెండేళ్లో గడిచిపోయి ఉంటాయి. నమూనాను మొదట ఎవరు తయారు చేశారో, యంత్రాన్ని ఎవరు సరిదిద్దారో, ఆ వంపు తిరిగిన గ్రాఫుకు అర్థం మొదట ఎవరు చెప్పారో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. గుర్తులేని చోట పెద్దరికం మాట్లాడుతుంది.

అందుకే ప్రయోగాల పుస్తకం మొదటి పేజీలోనే ఒక పట్టిక గీయండి. ఒకవైపు పని, మరోవైపు ఆ పని చేసిన మనిషి. ఆలోచన ఎవరిది, నమూనా ఎవరు చేశారు, ఎవరు కొలిచారు, విశ్లేషణ ఎవరిది, కంప్యూటర్ ప్రోగ్రాం ఎవరు రాశారు, మొదటి ప్రతి ఎవరు రాస్తారు. ఇలాంటి పట్టికకు ప్రపంచవ్యాప్తంగా వాడుకలో ఉన్న ఒక రూపం ఉంది. దాని పేరు క్రెడిట్. అందులో 14 పాత్రలు ఉన్నాయి. ఆలోచన, పద్ధతి రూపకల్పన, ప్రయోగం, దత్తాంశాల నిర్వహణ, సరిచూడటం, చిత్రాల తయారీ, నిధుల సేకరణ, పర్యవేక్షణ వంటివన్నీ అందులోకి వస్తాయి. ఇప్పుడు చాలా పత్రికలు దీన్ని పత్రం చివర అడుగుతున్నాయి. ఎలాగూ అడుగుతారు కాబట్టి మొదటి రోజునే నింపడం మొదలుపెట్టండి. నెలకోసారి తిరగేసి, మారినవి మార్చండి.

ఈ విషయం మీ గైడుతో మాట్లాడటానికి మొహమాటం అనిపించవచ్చు. "సర్, ఈ పత్రంలో ఎవరెవరు ఉంటారో, ఏ వరుసలో ఉంటారో ఇప్పుడే ఒక మాట అనుకుందామా? పని మారితే వరుస కూడా మార్చుకుందాం" అని అడగండి. పని మొదట్లో ఈ మాట తేలిగ్గా నోట వస్తుంది. పత్రం పంపే ముందు రోజు ఇదే మాట తగాదాలా వినిపిస్తుంది.

రెండో అడుగు: పోల్చడానికి తెచ్చే విలువను వేరు దాకా తవ్వండి

ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. ఎక్కువమంది వదిలేసేదీ ఇదే.

సమీక్షా పత్రంలో ఒక పట్టిక కనబడుతుంది. మీ పదార్థం పేరు, ఎదురుగా ఒక అంకె, పక్కన చిన్న అక్షరాల్లో ఆధార సంఖ్య. చేయి చాచితే అందేంత దగ్గరలో ఉంటుంది. దాన్ని అలాగే ఎత్తి రాసుకోకండి. ఆ ఆధార సంఖ్యలో ఉన్న పత్రాన్ని తెరవండి. అక్కడ ఆ విలువను నిజంగా కొలిచారా, లేక అదీ మరో పత్రం నుంచి తెచ్చుకున్నదా చూడండి. తెచ్చుకున్నదైతే ఇంకొక మెట్టు కిందికి దిగండి. "ఈ నమూనాను మేము ఇలా తయారు చేసి, ఈ యంత్రంతో కొలిచాం" అనే వాక్యం కనబడేదాకా ఆగకండి. ఆ వాక్యం ఉన్న పత్రమే మూలం.

నేను పని నేర్చుకునే రోజుల్లో అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) బిళ్ల దృఢత్వం కొలిచాను. ఆ దృఢత్వాన్ని చెప్పే యంగ్ గుణకం 390 గీగాపాస్కల్ దగ్గర వచ్చింది. నా దగ్గర ఉన్న పట్టికలో మాత్రం 320 అని ఉంది. నా కొలతే తప్పని మూడు వారాలు యంత్రాన్ని విప్పి బిగిస్తూ గడిపాను. చివరికి ఆ పట్టిక చూపిన పత్రాన్ని, అది చూపిన మరో పాత పత్రాన్ని తెప్పించి చదివితే తేలింది: ఆ నమూనాలో పది శాతం దాకా సన్నని ఖాళీలు ఉన్నాయి. కొలిచిన మనిషి ఆ సంగతి దాచలేదు, స్పష్టంగా రాశాడు. మధ్యలో అంకెను మోసుకొచ్చిన ఇద్దరూ ఆ వాక్యాన్ని దారిలో వదిలేశారు. ఖాళీలు లేని దట్టమైన అల్యూమినాకు 380 నుంచి 400 గీగాపాస్కల్ దాకా రావడం మామూలే. ఆ మూడు వారాల తరువాత ఏ విలువనూ మూలం చూడకుండా రాయలేదు.

ఇది నా ఒక్కడి కథ కాదు. 2003లో సిమ్కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు పరిశోధకులు ఒక చక్కటి పని చేశారు. ఆధారాల జాబితాల్లో ఒకే అచ్చుతప్పు ఎలా ఒక పత్రం నుంచి మరో పత్రానికి పాకుతుందో లెక్కగట్టారు. పేజీ సంఖ్య తప్పు పడితే, తరువాతివారు అదే తప్పును ఎక్కించుకుంటున్నారంటే మూలాన్ని తెరవలేదనే కదా. ఆ లెక్క ప్రకారం ఉల్లేఖించినవారిలో మూలాన్ని చదివినవారు సుమారు ఐదోవంతు మాత్రమే. ఇంకో ఉదంతం ఉంది. ఒక ప్రచురణ సంస్థ, ఆధారాన్ని ఎలా రాయాలో చూపడానికి నమూనాగా ఒక కల్పిత పత్రం వివరాలు ఇచ్చింది. అసలు లేని ఆ పత్రాన్ని వందల పత్రాలు ఉల్లేఖించాయి.

ఇప్పుడు ఈ ముప్పు ఇంకా పెరిగింది. కృత్రిమ మేధ పరికరాలను ఆధారాలు అడిగితే, చూడటానికి అచ్చం నిజమైనవాటిలాగే ఉండే లేని పత్రాలను కూడా ఇస్తాయి. కాబట్టి ప్రతి ఆధారానికీ డీఓఐ సంఖ్యను (పత్రానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్యను) తెరిచి, అక్కడ ఉన్న శీర్షిక మీరు రాసుకున్న శీర్షికతో సరిపోతుందో లేదో మీ కళ్లతో చూడండి.

మూలం పాతదైనా, వేరే భాషలో ఉన్నా వెనక్కి తగ్గకండి. కార్బన్ నానోట్యూబుల (అతి సన్నని బోలు కార్బన్ గొట్టాల) మాట వస్తే అందరూ 1991 నాటి ఇజిమా పత్రాన్ని ఉల్లేఖిస్తారు. ఆ రంగం వికసించింది ఆ పత్రంతోనే, అందులో సందేహం లేదు. కానీ రాదుష్కెవిచ్, లుక్యనోవిచ్ అనే సోవియట్ శాస్త్రవేత్తలు 1952లోనే బోలుగా ఉన్న కార్బన్ పోగుల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలను రష్యన్ పత్రికలో ప్రచురించారు. ఈ ఘనత ఎవరిది అని 2006లో కార్బన్ అనే పత్రిక సంపాదకీయమే రాయాల్సి వచ్చింది. మీరు "మొదటిసారి" అనే మాట రాయబోతున్నప్పుడు ఈ 1952ను గుర్తు చేసుకోండి. ఎవరు మొదటో తేల్చడం మీ పత్రానికి అవసరం కాకపోతే ఆ మాటే వద్దు.

మూడో అడుగు: ఆ విలువ ఏ షరతుల మీద నిలబడిందో చదవండి

మూలం దొరికింది. ఇప్పుడు అందులోని ప్రయోగ పద్ధతి భాగాన్ని నెమ్మదిగా చదవండి. పదార్థ ధర్మం అంటే పదార్థం ఒక్కదాని సొత్తు అనుకుంటాం. నిజానికి అది పదార్థం, నమూనా, పరిస్థితి, పద్ధతి నాలుగూ కలిసి ఇచ్చిన జవాబు.

రాగిని తీసుకోండి. 1913లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రమాణం ప్రకారం, కాచి చల్లార్చిన రాగి విశిష్ట నిరోధం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1.7241 మైక్రో ఓమ్ సెంటీమీటర్లు. ఇందులో "కాచి చల్లార్చిన", "20 డిగ్రీల దగ్గర" అనే మాటలు అలంకారాలు కావు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే నిరోధం దాదాపు 4 శాతం పెరుగుతుంది. గది ఉష్ణోగ్రత అని మాత్రమే రాసిన పత్రంతో మీ కొలతను మూడో దశాంశం దాకా పోల్చడం అర్థంలేని పని.

ఒకే పొర కార్బన్ పలక అయిన గ్రాఫీన్ సంగతి ఇంకా బాగుంటుంది. దాని యంగ్ గుణకం ఒక టెరాపాస్కల్ అని ప్రతి పత్రం మొదటి పేరాలోనూ ఉంటుంది. 2008లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ కొలతలో, రంధ్రం మీద పరచిన ఒక్క పొర గ్రాఫీన్‌ను సన్నని సూది మొనతో నొక్కి చూశారు. వాళ్లు నేరుగా కొలిచింది మీటరుకు 340 న్యూటన్లు. అది పలకకు వర్తించే దృఢత్వం. దాన్ని పాస్కల్‌లోకి మార్చాలంటే మందం కావాలి. ఒకే ఒక పరమాణువు మందం ఉన్న పొరకు మందం ఎంత? గ్రాఫైట్‌లో పొరకూ పొరకూ మధ్య ఉన్న 0.335 నానోమీటర్లను తీసుకున్నారు. 340ని ఆ మందంతో భాగిస్తే ఒక టెరాపాస్కల్ వస్తుంది. మందం వేరేగా అనుకుంటే అంకె మారిపోతుంది. రచయితలు ఇదంతా నిజాయతీగా రాశారు. మీరు ఉల్లేఖించేటప్పుడు ఆ మందాన్ని కూడా రాయండి, అర వాక్యం చాలు.

లెక్కగట్టిన విలువను కొలిచిన విలువగా రాయడం మరో సాధారణ పొరపాటు. మెటీరియల్స్ ప్రాజెక్ట్ వంటి భాండాగారాలు ఎంతో ఉపకారం చేస్తున్నాయి, నేను రోజూ వాడతాను. కానీ అందులోని శక్తి అంతరాలు (బ్యాండ్ గ్యాప్ విలువలు) చాలావరకు సిద్ధాంతపు లెక్కలు. గది ఉష్ణోగ్రత దగ్గర సిలికాన్ శక్తి అంతరం ప్రయోగంలో 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు. సిద్ధాంతపు లెక్కల్లో ఎక్కువగా వాడే పీబీఈ అనే పద్ధతిలో లెక్కగడితే సుమారు 0.6 వస్తుంది. పద్ధతి స్వభావమే తక్కువ చూపడం. అది తెలియకుండా "సాహిత్యంలోని విలువ" అని రాస్తే చదివేవారు మోసపోతారు.

ఇక ఎక్స్‌కిరణ వివర్తనం చేసేవారికి ఒక మాట. షెరర్ 1918లో ఇచ్చిన సూత్రంతో వచ్చేది స్ఫటికపు ముక్క పరిమాణం. రేణువు పరిమాణం అదే కానక్కర్లేదు, ఒక రేణువులో అలాంటి ముక్కలు చాలా ఉండవచ్చు. యంత్రం వల్ల రేఖ ఎంత వెడల్పవుతుందో తీసివేశారా, వెడల్పును రేడియన్లలో వేశారా అన్నవి మూలంలోనూ చూడండి, మీ లెక్కలోనూ చూడండి. కాఠిన్యం రాసేటప్పుడు ఎంత బరువుతో నొక్కారో తప్పక రాయండి. తక్కువ బరువుతో నొక్కితే కాఠిన్యం ఎక్కువగా కనబడటం చాలా పదార్థాల్లో జరుగుతుంది.

నాలుగో అడుగు: మీ కొలతను ఎదుటివారు పునరావృతం చేయగలిగేలా రాయండి

ఇతరుల పత్రాల్లో వెతికి వెతికి దొరకక విసిగిన వివరాలన్నీ ఒక కాగితం మీద రాయండి. మీ పత్రంలో ఉండాల్సినవి అవే. నమూనా ఎక్కడి నుంచి వచ్చింది, ఎంత స్వచ్ఛం, ఎంత సాంద్రత, ఎన్ని నమూనాలు, ఏ ఉష్ణోగ్రత, ఏ ప్రమాణ పద్ధతి.

అంకెను ఎన్ని స్థానాల దాకా రాయాలో ఆలోచించండి. కంప్యూటర్ 72.38461 అని చూపించిందని అలా రాయడం తప్పు. ఐదు నమూనాల్లో విలువలు అటూ ఇటూ రెండేసి గీగాపాస్కల్ ఊగుతుంటే, 72 ± 2 అని రాస్తే చాలు. ఆ ± గుర్తు దేన్ని సూచిస్తుందో కూడా రాయండి. అది ప్రామాణిక విచలనమా, సగటు తాలూకు ప్రామాణిక దోషమా, 95 శాతం విశ్వాస అవధా? మూడూ వేర్వేరు. ప్రామాణిక దోషాన్ని రాస్తే గ్రాఫులో ± గీత చిన్నదవుతుంది కాబట్టి, కొందరు అది మూడింటిలో ఏదో చెప్పకుండా చిన్నదాన్ని పెడతారు. మీరు అలా చేయకండి.

మీ విలువ సాహిత్యం కంటే బాగా తక్కువ వస్తే, కొత్త విషయం కనిపెట్టామని సంబరపడే ముందు పద్ధతిని అనుమానించండి. అల్యూమినియం యంగ్ గుణకం సుమారు 70 గీగాపాస్కల్. లాగే పరీక్షలో అది 20 అనో 30 అనో వచ్చిందంటే, చాలావరకు కారణం సాగుదలను నమూనా మీద కాకుండా యంత్రం పట్టుకున్న దిమ్మెల కదలిక నుంచి తీసుకోవడమే. యంత్రం కూడా సాగుతుంది. నమూనా సాగుదలను నేరుగా కొలిచే ఎక్స్‌టెన్సోమీటర్ బిగించి మళ్లీ కొలవండి. నిరోధం ఎక్కువ వస్తుంటే రెండు తీగలతో కొలిచారేమో చూడండి. స్పర్శ నిరోధం కూడా అందులో కలిసిపోతుంది. నాలుగు మొనల పద్ధతికి మారండి.

2023 జూలైలో ఎల్‌కే-99 అనే పదార్థం గది ఉష్ణోగ్రతలోనే అతివాహకమని, అంటే నిరోధమే లేకుండా విద్యుత్‌ను పారనిస్తుందని, దక్షిణ కొరియా పరిశోధకులు ప్రకటించారు. రాగి కలిపిన సీసపు అపటైట్ అది. సుమారు 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిరోధం ఒక్కసారిగా పడిపోవడం వారి ముఖ్య సాక్ష్యాల్లో ఒకటి. ప్రపంచమంతా ప్రయోగశాలలు దాన్ని చేసి చూశాయి. ఆ ఉష్ణోగ్రత దగ్గర నిర్మాణం మార్చుకునేది తయారీలో మిగిలిపోయే రాగి సల్ఫైడ్ అనే మలినమని తేలింది. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో మలినం లేని స్ఫటికాన్ని పెంచి చూస్తే అది అతివాహకం కాదు కదా, అసలు విద్యుత్ పారని బంధకం. నెల తిరగకముందే ఇంత స్పష్టంగా తేలడానికి కారణం, తయారు చేసే పద్ధతి మొదటి పత్రాల్లో రాసి ఉండటమే. ప్రకటన తప్పని తేలింది, కానీ తయారీ విధానం రాసి ఉంది కాబట్టి ఇతరులు సరిచూడగలిగారు. అందుకే ప్రయోగ పద్ధతి భాగాన్ని కుదించమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. స్థలం చాలకపోతే అనుబంధంలో పెట్టండి.

ఐదో అడుగు: ఉల్లేఖన రాయండి

మూలం చదివారు కాబట్టి ఇప్పుడిది తేలిక. విలువ రాసిన చోట ఆ విలువను కొలిచిన పత్రాన్నే చూపండి. సమీక్షా పత్రం మీకు దారి చూపితే దాన్ని కూడా చెప్పండి, కానీ మూలం స్థానంలో కాదు. మూలం ఎంత వెతికినా దొరకకపోతే "ఫలానా పత్రంలో ఉల్లేఖించిన ప్రకారం" అని ఉన్నదున్నట్లు రాయండి. పద్ధతి వాడుకుంటే పద్ధతి పత్రాన్ని చూపండి. సన్నని మొనతో కాఠిన్యం కొలిచి ఉంటే 1992 నాటి ఆలివర్, ఫార్ పత్రాన్ని ఎలాగూ రాస్తారు. ఆ పత్రంలోని స్పర్శ వైశాల్యం లెక్కను మీరు నిజంగా చేశారో లేక యంత్రం చేసిందో కూడా ఒక మాట రాయండి.

పంపే ముందు ప్రతి ఆధారమూ ఉపసంహరణకు గురైందేమో చూడండి. గది ఉష్ణోగ్రత అతివాహకం గురించి 2020లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పత్రాన్ని 2022లో ఉపసంహరించారు. ఇలాంటివి ఉపసంహరణ తరువాత కూడా ఉల్లేఖనలు పొందుతూనే ఉంటాయి. రిట్రాక్షన్ వాచ్ జాబితా 2023 నుంచి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. ఆధారాలను భద్రపరిచే జోటెరో అయితే అలాంటి పత్రం పక్కన తనే హెచ్చరిక చూపిస్తుంది.

సంపాదకుడో సమీక్షకుడో సంబంధం లేని పత్రాలను చేర్చమంటే, అది మీ వాదనకు ఎక్కడ పనికొస్తుందో అడగండి. జవాబు లేకపోతే చేర్చకండి. మీ సొంత పత్రాలకూ ఇదే కొలత వర్తిస్తుంది.

ఆరో అడుగు: పేర్ల జాబితా తేల్చండి

మొదటి రోజు గీసిన పట్టికను ముందు పెట్టుకుని, ప్రతి పేరు దగ్గరా నాలుగు ప్రశ్నలు వేయండి. ఆలోచనలోనో, కొలతలోనో, విశ్లేషణలోనో గణనీయమైన పని చేశారా? రాయడంలోనో, రాసినదాన్ని బుద్ధితో సవరించడంలోనో చేయి ఉందా? చివరి ప్రతిని చదివి ఒప్పుకున్నారా? పత్రం మీద ప్రశ్న వస్తే జవాబు చెప్పడానికి సిద్ధమేనా? వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం పెట్టిన ఈ నాలుగు షరతులూ ఇతర రంగాలకూ చక్కగా సరిపోతాయి. నాలుగూ ఉంటే రచయిత. యంత్రం వాడుకోనిచ్చినవారు, నిధులు తెచ్చినవారు, సలహా ఇచ్చినవారు కృతజ్ఞతల్లోకి వస్తారు. అయితే వారి అనుమతి తీసుకుని రాయండి. కృత్రిమ మేధ పరికరం రచయిత కాలేదు, ఎందుకంటే నాలుగో ప్రశ్నకు అది జవాబు చెప్పలేదు. వాడి ఉంటే ఎక్కడ వాడారో రాయండి.

ఈ షరతుల్లో ఒక మెలిక ఉంది, దాన్ని దురుపయోగం చేయడం చూశాను. ప్రయోగశాల సాంకేతిక సిబ్బంది నెలల తరబడి కొలిచి, అందులో తప్పు పట్టుకుని, పద్ధతినే మార్చి ఉంటారు. "రాయలేదు కదా" అని వారి పేరు తీసేస్తారు. రాసే అవకాశమే ఇవ్వకుండా రాయలేదనడం న్యాయం కాదు. మొదటి షరతు తీరిన ప్రతి ఒక్కరికీ ప్రతిని పంపి, చదివి సవరించే అవకాశం ఇవ్వమని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కాబట్టి ముందు ప్రతిని పంపండి, ఆ తరువాతే ఉండాలా వద్దా అన్న మాట.

దానంగా పేరు ఇవ్వడం దీనికి తిరగేసిన తప్పు. 1948లో రాల్ఫ్ ఆల్ఫర్ తన డాక్టరేట్ పని నుంచి రాసిన ప్రసిద్ధ పత్రంలో, పనిలో పాలుపంచుకోని భౌతిక శాస్త్రవేత్త హాన్స్ బెథే పేరును ఆల్ఫర్ గైడు గామోవ్ చేర్చాడు. ముగ్గురి పేర్లు కలిపితే గ్రీకు అక్షరమాల మొదటి మూడు అక్షరాల్లా వినబడతాయని సరదా. రెండు మహా నామాల మధ్య అసలు లెక్క చేసిన యువకుడి పేరు మరుగున పడింది, ఆ బాధ ఆయనకు చాలాకాలం ఉండిపోయింది. మీ పత్రంలో పెద్ద పేరు చేర్చడం వల్ల ఎవరికీ నష్టం లేదని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

పేరు ఉంటే బాధ్యత కూడా ఉంటుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో సేంద్రియ అర్ధవాహకాలపై సంచలన ఫలితాలు ప్రకటించిన యాన్ హెండ్రిక్ షోన్ విషయంలో 2002లో విచారణ సంఘం 24 ఆరోపణల్లో 16 నిజమని తేల్చింది. వేర్వేరు పరికరాల గ్రాఫుల్లో ఒకే దత్తాంశం కనబడింది. ప్రయోగాల పుస్తకాలు లేవు, ముడి దత్తాంశాల ఫైళ్లు చెరిపేసి ఉన్నాయి. సహరచయితలు మోసం చేయలేదని సంఘం చెప్పింది, కానీ సహరచయితగా ఉండటమంటే ఎంతవరకు సరిచూడాలి అన్న ప్రశ్న అప్పటి నుంచీ ఆ రంగాన్ని వదల్లేదు. నా జవాబు చిన్నది: మీ పేరున్న ప్రతి పత్రంలోనూ కనీసం ఒక గ్రాఫు వెనక ఉన్న ముడి ఫైలును తెరిచి చూడండి.

వరుస మాటకొస్తే, ఒక్కో రంగంలో ఒక్కో ఆచారం. ప్రయోగ శాస్త్రాల్లో ఎక్కువగా మొదటి పేరు ప్రధానంగా పని చేసినవారిది, చివరి పేరు బృందాన్ని నడిపినవారిది. గణితంలో అక్షర క్రమం. 2015లో హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశిపై రెండు బృందాలు కలిసి రాసిన పత్రంలో 5,154 మంది రచయితలున్నారు, అక్కడ మొదటి పేరుకు ప్రత్యేక అర్థం ఏమీ లేదు. ఇద్దరు సమానంగా పని చేస్తే ఆ మాటే పాదసూచికలో రాయండి. ప్రతి ఒక్కరూ ఓఆర్‌సీఐడీ తీసుకోండి. 16 స్థానాల ఆ గుర్తింపు ఉంటే ఒకే పేరున్న పదిమందిలో మీ పని మీకే చేరుతుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనక రాసే మనలాంటివారికి అది మరీ అవసరం.

ఎల్‌కే-99 విషయంలో ఇక్కడా ఒక పాఠం ఉంది. ఒకే రోజు రెండు ముందస్తు ప్రతులు (పత్రిక సమీక్షకు ముందే అంతర్జాలంలో పెట్టే ప్రతులు) బయటికొచ్చాయి, ఒకదానిపై ముగ్గురి పేర్లు, మరోదానిపై ఆరుగురివి. రెండోదాని రచయితల్లో ఒకరు, మొదటిది తన అనుమతి లేకుండా పెట్టారని బహిరంగంగానే చెప్పారు. ఎవరి పేర్లతో, ఎప్పుడు, ఎక్కడ పెడుతున్నారో అందరి ఒప్పుదలా రాతపూర్వకంగా లేనిదే ముందస్తు ప్రతిని కూడా పెట్టకండి. ఒక ఈమెయిలు చాలు.

ఏడో అడుగు: సైటేషన్లు లెక్కపెట్టాల్సి వస్తే

మీ పత్రాలను ఇతరులు ఎన్నిసార్లు ఉల్లేఖించారో ఉద్యోగానికో నిధులకో దరఖాస్తు పెట్టేటప్పుడు ఎలాగూ అడుగుతారు. అప్పుడు చేతితో ఒకసారి లెక్క చేసి చూడండి, ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుస్తుంది.

తొమ్మిది పత్రాలు ఉన్నాయనుకోండి. సైటేషన్లను పెద్దదాని నుంచి చిన్నదానికి రాస్తే 120, 44, 19, 11, 8, 6, 5, 2, 0. భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించిన హెచ్-సూచిక కోసం వరుస సంఖ్యతో పోల్చుకుంటూ రండి. సైటేషన్లు వరుస సంఖ్యకు తగ్గకుండా ఉన్న చివరి స్థానమే సూచిక. ఆరో పత్రానికి 6 ఉన్నాయి, సరిపోయింది. ఏడో పత్రానికి 5 మాత్రమే. కాబట్టి సూచిక 6. ఇప్పుడు ఆ 120ని కొట్టేసి 12 రాసి మళ్లీ లెక్కపెట్టండి. అప్పుడూ 6 వస్తుంది. జీవితంలో చేసిన అతి గొప్ప పనిని ఈ సూచిక చూడనే లేదు. సగటు తీస్తే దాదాపు 24, మధ్యగతం మాత్రం 8. ఒక్క పత్రం సగటును ఎంత పైకి లాగిందో చూడండి.

పత్రిక ప్రభావ గుణకంలోనూ ఇదే చిక్కు. సైటేషన్ల సూచీలకు ఆద్యుడైన యూజీన్ గార్‌ఫీల్డ్ 1955 నుంచి మలిచిన ఆలోచన అది. గత రెండేళ్ల వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ రెండేళ్ల వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. 320 వ్యాసాలకు 1,280 వస్తే గుణకం 4. ఆ 1,280లో పెద్దభాగం కొద్ది వ్యాసాలకే వచ్చి ఉంటుంది, మీ వ్యాసానికి నాలుగు వస్తాయని దాని అర్థం కాదు. గార్‌ఫీల్డ్ దీన్ని పత్రికల కోసం చేశాడు, మనుషుల కోసం కాదు. పరిశోధనను ఎలా అంచనా వేయాలన్న దానిపై 2012లో రూపొందిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన కూడా పరిశోధకులను ఈ గుణకంతో తూచవద్దని చెబుతోంది.

సూచిక రాయాల్సి వస్తే ఏ భాండాగారం నుంచి, ఏ తేదీన తీసుకున్నారో పక్కనే రాయండి. గూగుల్ స్కాలర్, స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ మూడూ వేర్వేరు పరిధిని చూస్తాయి, మూడు అంకెలు వస్తాయి. ఉష్ణోగ్రత రాయని నిరోధంలాగే తేదీ రాయని సూచిక కూడా పోల్చడానికి పనికిరాదు. వేరే రంగంవారితో, వేరే వయసువారితో పోల్చుకోకండి. పద్ధతి పత్రాలకు సైటేషన్లు వెల్లువలా వస్తాయి. ఒక లోహపు ధర్మాన్ని ఓపిగ్గా, పదేళ్లు చెల్లేలా కొలిచిన పత్రానికి పది వస్తే గొప్ప. ఆ విలువ చేతిపుస్తకంలోకి ఎక్కాక అందరూ వాడతారు, కొలిచినవారిని ఎవరూ తలచుకోరు. అందుకే అంకెల కింద రెండు మూడు వాక్యాల్లో, మీ పత్రాల్లో ఏది ఎవరికి ఎలా ఉపయోగపడిందో మాటల్లో రాయండి. దరఖాస్తును నిజంగా చదివేవారు చూసేది ఆ వాక్యాలనే.

ఎనిమిదో అడుగు: పంపే ముందు రోజు

చివరి ప్రతిని అందరు రచయితలకూ పంపి, ప్రతి ఒక్కరి నుంచి "చదివాను, ఒప్పుకుంటున్నాను" అన్న జవాబు తెప్పించుకోండి. మౌనాన్ని ఒప్పుదలగా తీసుకోకండి. క్రెడిట్ పట్టికను వారే సరిచూడాలి. ఒకరి పాత్రను మరొకరు రాసేస్తే మళ్లీ మొదటికి వస్తాం.

ముడి దత్తాంశాలను జెనోడో వంటి భాండాగారంలో పెట్టి డీఓఐ తీసుకోండి. అక్కడ ఫైళ్లతో పాటు ఒక చిన్న వివరణ ఫైలు ఉంచండి. ఏ నమూనా, ఎప్పుడు తయారైంది, ఏ యంత్రం, ఎప్పుడు సరిదిద్దారు, ఎంత ఉష్ణోగ్రత, ప్రతి నిలువు వరుసలో ఏ ప్రమాణం. చివరి వరుసలో, ఆ రోజు యంత్రం ముందు కూర్చుని కొలిచిన మనిషి పూర్తి పేరు రాయండి.